ఖాళీ వదిలిన గడి

మేస్త్రి తన గేంగుని అమ్ముకోలేదు.

ఈ ఒక్క మాట చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. రేవు పక్కన జాలరి వాడల్లో పన్నెండేళ్ళకు పైగా దీనికి సరిగ్గా ఎదురుమాట తిరుగుతోంది. పన్నెండు మంది చేసే పనిని ఎనిమిది మందితో చేసి చూపించాడట. పైవాళ్ళ మెప్పు కోసం మిగతా నలుగురి కూడు తీసేశాడట. ఆ నలుగురిలో ఒకడు సొంత అన్న అని కూడా చూడలేదట. ఎనిమిది మందితో చేసి చూపించిన మాట నిజమే. ఎందుకలా చేశాడో తెలిసినవాళ్ళం ఇద్దరమే ఉన్నాం. ఒకరు మేస్త్రి, రెండోవాణ్ణి నేను. అతను చెప్పలేకపోయాడు. నేను చెప్పగలిగీ చెప్పలేదు.

తొంభైల మధ్యలో నేను రేవు కూలీలను ఓడలకు పంపే ఒక ఆఫీసులో టెంపరరీ గుమస్తాను. మా నాన్న గోదావరి జిల్లా నుంచి రేవు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆయన రిటైరయ్యేనాటికి నాకు ముప్ఫై దాటాయి. పెళ్ళయింది, ఒక పాప. ఉద్యోగం మాత్రం ఆరు నెలలకోసారి పొడిగించే కాగితం మీద నడిచేది. ఆ కాగితం వచ్చే రోజులు దగ్గరపడితే మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడేవాళ్ళు కాదు.

దేశం తలుపులు తెరిచిందని పేపర్లు రాస్తున్న రోజులవి. మాకు ఆ తెరవడం బీచ్ రోడ్డు మీంచే కనబడేది. సాయంత్రం ఇసకలో కూర్చుంటే, దూరంగా నీళ్ళలో లంగరేసిన ఓడలు వరసగా నిలబడి ఉండేవి. రేవు లోపల చోటు ఎప్పుడు దొరుకుతుందా అని వారాల తరబడి అలాగే ఉండేవి. ఓడ ఊరికే నిలబడిన ప్రతి రోజుకీ మనం పరాయి దేశం వాళ్ళకి జరిమానా కట్టుకోవాలి. కొలంబోలోనో సింగపూర్‌లోనో ఇదే పని యంత్రాలతో గంటల్లో అవుతుందని చెప్పేవాళ్ళు. అప్పిచ్చే పెద్దలు కూడా అదే అడుగుతున్నారనేవాళ్ళు: మనుషుల్ని తగ్గించండి, యంత్రాలు తెండి, వీలైతే ప్రైవేటు వాళ్ళకి అప్పగించండి. ఇంకోవైపు యూనియన్ వాళ్ళు, ఇన్ని చేతులు ఖాళీగా ఉన్న దేశానికి చేతులు అక్కర్లేని యంత్రం ఎవరి కోసం అని అడిగేవాళ్ళు. మా కాంటీన్లో టీ చల్లారిపోయేదాకా ఈ రెండు మాటలూ కొట్టుకునేవి. నాకు రెండూ నిజమే అనిపించేవి. ఇప్పటికీ అనిపిస్తాయి. యంత్రం రాకూడదని నేను ఈ వయసులో రాయబోవడం లేదు. ఎండాకాలం మధ్యాహ్నం ఓడ అడుగున బియ్యం బస్తాలు పేర్చి పైకి వచ్చిన మనిషి దగ్గు విన్నవాడెవడూ ఆ పని కలకాలం ఉండాలని కోరుకోడు. నా బాధ వేరు. ఎంతమంది ఎక్కువో తేల్చిన అంకె ఎలా పుట్టిందో నాకు తెలుసు.

మేస్త్రి గేంగులో పన్నెండు మంది. అందరూ సముద్రం మీద బతికే కుటుంబాల వాళ్ళే. అన్నదమ్ముల్లో ఒకడు వలకి, ఒకడు రేవుకి. అందుకని వల దగ్గరి పద్ధతులు ఓడలోకి కూడా వచ్చాయి. ఒడ్డున పెద్ద వల లాగేటప్పుడు తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాడికీ చేపల్లో వాటా ఉంటుంది. ముసలివాడు ఒట్టి చెయ్యి ఆనించినా సరే, వాటా వాటాయే. ఎంత లాగావని ఎవరూ అడగరు. ఈ గేంగులోనూ అంతే. పన్నెండు మందిలో నలుగురు బరువు ఎత్తలేరు. ఒకతనికి ఉబ్బసం. ఒకతని చెయ్యి తాడులో పడి నలిగింది. ఒకాయనకి వయసు మీరింది. నాలుగో ఆయన మేస్త్రికి స్వయానా అన్న. మోకాలు చెడిపోయి బస్తా కింద వంగలేడు. రేవులో సగం మందికి బస్తా లాగే కొక్కెం పట్టడం నేర్పినవాడు ఆయనే.

ఓడ అడుగున ఒక గంట పనిచేసినవాళ్ళు పైకొచ్చి చెమట ఆరబెట్టుకుంటారు, పైనున్నవాళ్ళు కిందికి దిగుతారు. ప్రతి దఫాలోనూ ఆ నలుగురిలో ఇద్దరు ఉండేలా మేస్త్రి సర్దేవాడు. వాళ్ళు బస్తా మూతి సరిచేసేవారు, జారిన గోనె తీసేవారు, నీళ్ళ కుండ అందించేవారు. బస్తా మాత్రం ఎప్పుడూ పక్కవాడి వీపు మీదికే వెళ్ళేది. వాళ్ళు ఎత్తడం లేదని గేంగులో ఒక్కరు కూడా ఎన్నడూ పైకి అనలేదు. ఆ నలుగురికీ తాము ఎత్తుతున్నట్టే ఉండేది. నేను చాలా రోజులు చూసి గానీ కనిపెట్టలేకపోయాను.

అప్పుడు వచ్చింది స్టడీ. ఒక ఓడ పనికి నిజంగా ఎంతమంది కావాలో కొలిచి చెప్పమని బయటినుంచి సలహాదారుల్ని తెచ్చారు. బస్తాల పనికి మేస్త్రి గేంగుని నమూనాగా ఎంచారు. స్టాప్‌వాచ్ పట్టుకుని రాసే పని నాకు పడింది. మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. నేర్పినాయన ఒక మాట చెప్పాడు. "వాచీ నొక్కడం ఎవరైనా చేస్తారు. మీరు చూస్తున్నారని తెలిస్తే మనిషి మామూలుగా పనిచెయ్యడు. ఆ తేడా కనిపెట్టి రిమార్కుల గడిలో రాయడమే మీ అసలు పని." ఫారం కింద ఆ గడి చాలా పెద్దది, అరచెయ్యి పట్టేంత.

స్టడీకి రెండు రోజుల ముందు గేటు బయట టీ బడ్డీ దగ్గర మేస్త్రి నన్ను పట్టుకున్నాడు.

"ఏటి బాబూ, గడియారం పట్టుకుని వొస్తన్నావంట మా మీదికి?"

"మీ మీదికి కాదు. పనికి ఎంతసేపు పడుతుందో రాసుకుంటాను. అంతే."

"పెళ్ళిసూపులకొచ్చినోడు కూడా అంతే అంటాడు." నవ్వి, టీ గ్లాసు నాకు ఇప్పించి, గొంతు తగ్గించాడు. "నాను ఒకటి అడుగుతాను. బేగి పన్జేసిన గేంగుకి ఓడలాగే కొత్త బెర్తులో పర్మనెంటంట కదా? మిగతా గేంగుల్ని ఎత్తేత్తారంట. నిజమేనేటి?"

అది రేవంతా తిరుగుతున్న పుకారు. అందులో నిజమెంతో నాకు తెలియదు. తెలియదని చెప్పి ఉండవలసింది. "కావచ్చు" అన్నాను.

"అయితే ఆ నలుగుర్నీ ఏటి సెయ్యమంటావు? ఓడలోకి దింపమంటావా?"

నాకు అతని మీద నిజంగానే అభిమానం ఉంది. ఆలోచించాను. వాచీ పట్టుకున్నవాడి కళ్ళముందు ఆ నలుగురూ గోనెలు సర్దుతూ కనబడితే, రిపోర్టులో ముందు ఎగిరిపోయేది వాళ్ళే. "ఆ రోజుకి వాళ్ళు కనబడకపోతేనే మంచిది" అన్నాను.

"మరి మస్తరు?"

"హాజరు నేను వేస్తాను."

అతను నా భుజం మీద చెయ్యి వేశాడు. "సాలు బావా" అన్నాడు. అంతవరకూ నేను బాబునే. బావనైంది ఆ రోజే.

స్టడీ రోజు ఉదయం ఆ నలుగుర్నీ వల లాగే నెపం మీద ఒడ్డుకి పంపేశాడు. వాళ్ళకి అసలు సంగతి చెప్పలేదు. ఇవాళ ఓడ చిన్నది, పన్నెండుమందీ అక్కర్లేదు, మీ హాజరు పడిపోతుంది అన్నాడట. ఎనిమిది మంది ఓడలోకి దిగారు. నేను మెడలో వాచీ వేసుకుని పైన నిలబడ్డాను.

"ఏటి బావా, మెడలో ఏటది? నీకెవులు కట్టినారు?" అని కిందనుంచి ఒకడు అరిచాడు.

"సర్కారు కట్టింది. ఇంక ఆ ఇంటి కోడలే" అని ఇంకొకడు.

నవ్వులు ఆగాక పని మొదలైంది. అలాంటి పని నేను అంతకు ముందు చూడలేదు, తరవాతా చూడలేదు. క్రేను దించే బస్తాల స్లింగు కిందికి దిగేలోపే నలుగురు దాని కింద ఉండేవాళ్ళు. బస్తా వీపు మీద పడ్డ చప్పుడూ, వరసలో పడ్డ చప్పుడూ ఒకదాని వెనక ఒకటి తప్పకుండా వినబడేవి. గంట గడిచింది. ఎవరూ పైకి రాలేదు. రెండో గంటలో మేస్త్రి తల పైకెత్తి నా వైపు చూశాడు. ముఖమంతా బియ్యప్పొడి, కళ్ళు మాత్రం ఎర్రగా మెరుస్తున్నాయి. "రాసుకో బావా, రాసుకో!" అన్నాడు. నేను రాసుకున్నాను. షిఫ్టు మొత్తం భోజనానికి తప్ప వాళ్ళు ఆగలేదు. అయిపోయాక నిచ్చెన ఎక్కి పైకి రాలేక ఒకతను సగంలో ఆగి ఇనప కమ్మీకి నుదురు ఆనించుకున్నాడు. అది కూడా చూశాను. ఏ గడిలోనూ దానికి చోటు లేదు, ఆ పెద్ద గడిలో తప్ప.

మర్నాడు మా ఆఫీసరు నా కాగితం చూశాడు. ఆయన సీతమ్మధారలో ఉండేవాడు. నెమ్మదైన మనిషి, ఎవరి మీదా కేకలు వేసి ఎరగడు.

"హాజరు పన్నెండు. పని చేసింది ఎనిమిది. ఇంత స్పష్టంగా ఇంకే షీటూ రాలేదయ్యా" అన్నాడు.

అప్పుడు గానీ నాకు వెలగలేదు. నలుగుర్ని దాచామనుకున్నాం. వాళ్ళు లేకపోయినా పని జరిగిపోతుందని మా చేతులతోనే రాసి ఇచ్చాం. పైగా పని చెయ్యకుండా హాజరు వేయించుకున్నారని కూడా.

"సార్, రిమార్కులు రాయాలి. నిన్న వాళ్ళు మామూలు కంటే చాలా వేగంగా చేశారు. మధ్యలో పైకి కూడా రాలేదు."

"చెయ్యగలరన్నమాట. మరి రోజూ ఎందుకు చెయ్యరు?"

"రోజూ చేస్తే చచ్చిపోతారు సార్."

ఆయన పెన్ను మూత తీసి నా ముందు పెట్టాడు. "రాయాలని ఉంటే రాయి. కాదనను. రాస్తే మిగతా నలుగురూ ఎక్కడున్నారని అడుగుతారు. హాజరు ఎవరు వేశారని అడుగుతారు. నీ కాగితం వచ్చే నెల నా బల్ల మీదికే రావాలి కదా. నేనేం చెప్పను?"

ఆయనకి ఎలా తెలిసిందో నాకు తెలియదు. బెదిరించినట్టు కూడా అనలేదు. జ్వరం ఉన్నవాడికి స్నానం వద్దని చెప్పినట్టు చెప్పాడు. నేను పెన్నుకి మూత పెట్టి ఆయనకి తిరిగి ఇచ్చేశాను. గడి ఖాళీగా వెళ్ళిపోయింది. కార్బన్ కాపీ ఒకటి నా సొరుగులో ఉంచుకున్నాను. ఎందుకు ఉంచుకున్నానో అప్పుడు అడిగితే చెప్పలేకపోయేవాణ్ణి.

నా పొడిగింపు వచ్చింది. తరవాతి ఏడు పర్మనెంటు కూడా అయ్యాను.

బస్తాల పనికి గేంగంటే ఎనిమిది మంది అని కొత్త పద్ధతి వచ్చింది. మేస్త్రి గేంగుకే కాదు, రేవులో బస్తాలు మోసే అన్ని గేంగులకీ. మిగిలినవాళ్ళకి స్వచ్ఛంద పదవీ విరమణ అన్నారు. స్వచ్ఛందం అనే మాట ఫారం మీద ఉంది. వేలిముద్ర వెయ్యని వాళ్ళకి పని పిలుపు రాదు, అంతే తేడా. ఎవరెవరు వెళ్ళాలో గేంగు మేస్త్రులే రాసివ్వాలన్నారు. మా మేస్త్రి నాలుగు పేర్లు చెప్పాడు, నేను రాశాను. మూడో పేరు చెప్పాక చాలాసేపు ఆగాడు.

ఇంటికి వెళ్ళినవాళ్ళ సంగతి అది. మిగిలిన ఎనిమిది మంది సంగతి ఎవరికీ అంతగా తెలియదు. షిఫ్టుకి ఇన్ని బస్తాలు అని లక్ష్యం పెట్టారు. అది ఆ రోజు నేను రాసుకున్న అంకే. ఒక్కరోజు పౌరుషానికి చేసిన పని ఇప్పుడు రోజూ చెయ్యాలి. చెయ్యకపోతే, అప్పుడెలా చేశారని అడుగుతారు. మేస్త్రి ఒకసారి నాతో అన్నాడు: "మాకు మేమే ఎదురొచ్చినాం బావా. తప్పుకోడానికి దారి నేదు." రెండేళ్ళలో ముగ్గురు మంచాన పడ్డారు. నిచ్చెన మీద నుదురు ఆనించుకున్న మనిషి అందులో ఒకడు.

మేస్త్రి మీద పుకారు ఆ రోజుల్లోనే పుట్టింది. మేస్త్రే గొప్పకి పోయి చూపించాడని మొదట అన్నారు. తరవాత డబ్బు తీసుకున్నాడన్నారు. అన్న వేరే పొయ్యి పెట్టుకున్నాడు. ఒకే సందులో ఎదురెదురు గుమ్మాలు. మేస్త్రి బయటికొస్తే అన్న లోపలికి వెళ్ళి తలుపు వేసుకునేవాడు.

నేను ఉండబట్టలేక ఒకరోజు మేస్త్రితో అన్నాను, "మీ అన్నతో నేను చెప్తాను. హాజరు వేసింది నేను, కనబడొద్దన్నది నేను" అని.

అతను బీడీ ముట్టించబోతూ ఆగాడు. "ఏటని సెప్తావు? నువ్వు బస్తా ఎత్తలేవు గనక మీ తమ్ముడు నిన్ను దాసీసినాడు అనా? ఆడికి తెల్దు బావా. ఆడు ఎత్తుతన్నాననే అనుకున్నాడు, కడదాకా. ఆ మాట నువ్వు సెప్పీసినావంటే ఆ రోజుతో ఆడు అయిపోయినట్టే. నన్ను దొంగనుకుంతే అనుకోనీ. ఎత్తగలిగీవోణ్ణనుకునే ఆడు పోవాల."

నాకు అతని మాటలో నా ఊపిరి తిరిగి దొరికినట్టయింది. ఇది ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ రాయాలి. అతను వద్దనడం నాకు ఎంత హాయిగా ఉందంటే, ఆ తరవాత చాలా ఏళ్ళు నేను నోరు విప్పకపోవడానికి అతని మాటనే అడ్డం పెట్టుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటాక మేస్త్రి గేంగు పనిచేసే బెర్తుకి యంత్రాలు వచ్చాయి. ఎనిమిది మంది కూడా అక్కర్లేకపోయారు. కూర్మన్నపాలెంలో మా బావమరిది ఉంటాడు, స్టీలు ప్లాంటులో పని. ప్లాంటు అమ్మేస్తారని పుకార్లు పుట్టినప్పుడల్లా అక్కడ కూడళ్ళలో దీక్షల టెంట్లు వెలిసేవి. ఒక ఆదివారం వాళ్ళింట్లో భోజనాల దగ్గర అతను అడిగాడు: "బావగారూ, మీ రేవులో ఇంతమంది ఎక్కువని ఎలా తేల్చారండీ? మాకూ అలాంటి కమిటీ ఏదో వస్తుందంటున్నారు. ఆ లెక్కలు నిజంగా శాస్త్రీయంగా కడతారా?"

"కడతారు" అన్నాను. మా ఆవిడ పప్పు గరిట పట్టుకుని ఒక్క క్షణం నా వైపు చూసి, వడ్డించకుండానే లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడకి కొంత తెలుసు. ఇంటికి వచ్చాక, "మా తమ్ముడికైనా నిజం చెప్పొచ్చు కదండీ" అంది. అదొక్కటే అంది.

తరవాత కొన్నాళ్ళకి మా ఆఫీసు కూడా మిగులు సిబ్బంది జాబితా తయారు చేసింది. నా పేరు అందులో ఉంది. ఎవరో స్టడీ చేశారట. నన్ను ఎప్పుడు గమనించారో నాకు తెలియలేదు. సంతకం పెట్టి వచ్చి పెందుర్తిలో కట్టుకున్న రెండు గదుల ఇంట్లో కూర్చున్నాను.

ఖాళీ దొరికింది గనక ఒకరోజు ధైర్యం చేసి మేస్త్రి అన్న దగ్గరికి వెళ్ళాను. ఒడ్డున బోర్లా వేసిన తెప్ప నీడలో కూర్చుని వల అల్లుతున్నాడు. నన్ను గుర్తుపట్టి ఇసక తుడిచి చోటు చూపించాడు.

"ఇప్పుడేటి సేత్తన్నారు బాబూ?"

"ఇంట్లోనే ఉన్నాను. నన్నూ తీసేశారు."

"అయ్యో. మీకూ తమ్ముడున్నాడేటి?"

అని తనే నవ్వాడు. నవ్వుతూనే అల్లాడు. తల ఎత్తకుండా అన్నాడు: "ఆడు నన్ను బరువనుకున్నాడు బాబూ. అదొక్కటే నాకు. డబ్బు తిన్నా నానేటీ అనను. తింతే తిన్నాడు. నా కింద కొక్కెం పట్టినోడు నన్ను బరువనుకున్నాడు."

నేను నోరు తెరిచాను. ఏ వైపునుంచి మొదలుపెట్టినా ఆయన మోకాలి దగ్గరికే వచ్చి ఆగుతోంది. ఆయన్ని ఎవరూ బరువనుకోలేదని చెప్పాలంటే, ఆయన బరువు ఎనిమిదిమంది ఎన్నేళ్ళు మోశారో చెప్పాలి. ఒక గంట కూర్చుని, ఉప్పుచేప పొట్లం తీసుకుని వచ్చేశాను. ఆయనే ఇచ్చాడు.

ఆయన పోయినేడు పోయాడు. పదోరోజు కార్యానికి వెళ్ళాను. సందుకి అడ్డంగా షామియానా వేశారు. మేస్త్రి తన గుమ్మంలోనే కూర్చున్నాడు. అన్న కార్యానికి అతన్ని ఎవరూ పిలవలేదు, పొమ్మనీ అనలేదు. భోజనాల వరసలో పాత గేంగు మనిషి ఒకడు అందరికీ వినబడేలా అన్నాడు, "సూడండ్రా, ఎలా కూకున్నాడో. అన్నని నాలుగు బస్తాల కింద అమ్మీసినోడికి ఇయ్యాల కూడు ఎలా దిగుతదో సూడండి."

నేను లేచి నిలబడ్డాను. అన్నీ చెప్పాను. పర్మనెంటు పుకారు గురించి, టీ బడ్డీ గురించి, హాజరు గురించి, ఆఫీసరు పెన్ను గురించి. నలుగురూ ఎత్తలేకపోవడం గురించి కూడా చెప్పాను. అది లేకుండా మిగతాది అర్థం కాదు. చనిపోయినాయనకి ఇక ఏ మాటా తగలదనుకున్నాను. ఆయనకో కొడుకు ఉన్నాడన్న సంగతి లెక్కలోకి తీసుకోలేదు.

ఆ కొడుకు నడివయసువాడు, ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తాడు. చేతిలో సాంబారు బకెట్టు కింద పెట్టి నా ముందుకొచ్చాడు.

"మా సిన్నాన్న ఎంత పోయించాడు నీకు?"

నవ్వులు.

"ఏటన్నావు? మా నాయన బస్తా ఎత్తలేడా? ఈ రేవంతటికీ బస్తా ఎత్తడం నేర్పినోడు ఎత్తలేడా? పదోరోజు నాడు, ఆడి అన్నం తింటా, ఆడి ఇంటి ముందర ఆ మాట అంటావేటి?"

పాత గేంగువాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు అక్కడ. వాళ్ళకి తెలుసు. మోసింది వాళ్ళే. నేను వాళ్ళ ముఖాల వైపు చూశాను. ఒక్కరూ ఆకు మీంచి తల ఎత్తలేదు.

అప్పుడు మేస్త్రి తన గుమ్మంలోంచి లేచాడు. సందు దాటి షామియానా అంచు దాకా వచ్చి ఆగాడు. గొంతు పెద్దది చెయ్యలేదు.

"ఈ బాబుకి మతి సెడింది. మా అన్న ఎత్తీవోడు. అందరికన్నా ఎక్కువ ఎత్తీవోడు. నానే అమ్మీసినాను. సాలా?"

మళ్ళీ వెళ్ళి గుమ్మంలో కూర్చున్నాడు. కొడుకు బకెట్టు తీసుకున్నాడు. భోజనాలు సాగాయి. నేను నా ఆకు ముందు కూర్చోవాలో, వెళ్ళిపోవాలో తెలియక కొంతసేపు అలాగే నిలబడ్డాను. నిజం చెప్పడానికి వచ్చి, అబద్ధాన్ని అతని నోటితోనే ఖాయం చేయించాను.

అందుకని రాస్తున్నాను. రాసే ముందు అతని దగ్గరికి వెళ్ళాను. పేర్లు లేకుండా రాస్తానన్నాను.

"రాసుకో. మా వాడలో పుస్తకాలు సదివీవోడు ఎవుడున్నాడు" అన్నాడు. కోపంగా లేడు. కానీ మాట్లాడినంతసేపూ నన్ను బావా అనలేదు.

నేను కార్బన్ కాపీ తీసి అతని చేతికిచ్చాను. ఇన్నేళ్ళలో అతను దాన్ని చూడటం అదే మొదటిసారి. కాగితం మడతల దగ్గర చిరిగింది, అక్షరాలు వెలిసిపోయాయి. అతనికి ఇంగ్లీషు రాదు. వేలు పెట్టి ఒక్కొక్కటే అడిగాడు.

"ఇదేటి?"

"హాజరు."

"ఇది?"

"ఎనిమిది. మీరు ఎనిమిది మంది."

"ఇయన్నీ?"

"ఒక్కో స్లింగుకి పట్టిన సమయం."

వేలు కిందికి జరిగి ఆ పెద్ద గడి దగ్గర ఆగింది.

"ఇక్కడేటి రాసినావు?"

"ఏమీ రాయలేదు. ఇక్కడే రాయాల్సింది. మీరు ఆ రోజు నా వాచీ కోసం పరిగెత్తారని. మధ్యలో ఒక్కసారి కూడా గాలికి పైకి రాలేదని. రోజూ అలా ఎవరివల్లా కాదని. మిగతా నలుగుర్నీ కనబడొద్దన్నది నేనేనని."

అతను బొటనవేలితో ఆ గడిని ఈ చివర నుంచి ఆ చివరికి, పైనుంచి కిందికి తడిమాడు. బస్తా పెట్టే ముందు కింద చోటు చదునుగా ఉందో లేదో చూసుకోవడానికి అతను అలాగే తడిమేవాడు.

"ఇంత జాగా ఉండేదేటి బాబూ" అన్నాడు.